షుగర్ పడిపోయిన పూట రాసి పెట్టుకోండి

అనంతపురంలో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే జనం చెప్పే కారణాలు రెండే. ఎండదెబ్బ, లేదంటే పొద్దున్నించి ఏమీ తినలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని సీమలో, ఏప్రిల్ ఎండలో, ఆ మాట తప్పనడానికీ లేదు. కానీ బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు పడిపోయేది తినక కాదు, చాలాసార్లు తిన్నాకే. కడుపునిండా ఉగ్గాని తిని, చక్కెర టీ తాగి, గంటన్నరో రెండు గంటలో గడిచాక.

ఉరవకొండలో ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని ఏడాదిన్నర దాటింది. బరువు తగ్గింది, మోకాళ్ల నొప్పులు పోయాయి. ఈ మధ్య స్టాఫ్ రూములో పదిన్నరకు ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. "ఎండకేమో మేడమ్, మజ్జిగ తాగండి" అంటారు తోటి టీచర్లు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటారు. ఒకరోజు గ్లూకోమీటర్‌తో చూస్తే 48. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "ఇది ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి వస్తుందమ్మా" అన్నారు. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదన్నది ఆమె ప్రశ్న. ఈ వారం మన ప్రశ్న కూడా అదే.

ముందు జబ్బు సంగతి. బైపాస్ తర్వాత అన్నం, బొరుగులు, పండ్లరసం లాంటివి పొట్టలో ఆగకుండా పేగులోకి దూకేస్తాయి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకుతుంది. దాన్ని చూసి పేగు హార్మోన్లు ఇన్సులిన్‌ను అవసరానికి మించి పారిస్తాయి, చక్కెర అంతే వేగంగా పడిపోతుంది. స్లీవ్ అనే మరో రకం బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత కూడా రావచ్చు. 70 లోపు జాగ్రత్త, 54 లోపు ప్రమాదం. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి ఆరుగురు రోగుల గురించి 2005లోనే రాశారు. కనుక ఇది నిన్న మొన్న బయటపడ్డ వింత కాదు. ఎన్నో ఏళ్లు షుగర్ మాత్రలు మింగినవాళ్లకు "షుగర్ తగ్గింది" అన్న మాట శుభవార్తలా వినిపిస్తుంది. అక్కడే మోసపోతారు.

ఒక ముఖ్యమైన సంగతి. ఈ లక్షణం ఆపరేషన్ అయిన వారానికి రాదు. సాధారణంగా ఏడాది దాటాక మొదలవుతుంది. చట్టంలో చిక్కంతా ఈ ఆలస్యం చుట్టూనే ఉంది.

నిర్మొహమాటంగా చెబుతాను: షుగర్ పడిపోవడం ఒక్కటే డాక్టరు నిర్లక్ష్యానికి రుజువు కాదు. ఎంత చక్కగా ఆపరేషన్ చేసినా రావచ్చు. "నాకు ఇబ్బంది వచ్చింది కాబట్టి వాళ్లదే తప్పు" అంటూ వినియోగదారుల కమిషన్ మెట్లెక్కితే ఓడిపోతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ముందే చెప్పారా? డిశ్చార్జి అయ్యాక కనిపెట్టుకుని ఉన్నారా? ఫిర్యాదు చేసినప్పుడు పట్టించుకున్నారా? ఇంకొకటి ఉంది, అన్నిటికన్నా బలమైనది. ఆపరేషన్‌కు ముందు ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడుతున్న మనిషికి ఆపరేషన్ తర్వాత తిండి పిడికెడయ్యాక కూడా పాత మోతాదే రాసి పంపారనుకోండి. ఆ మందు వల్ల షుగర్ పడిపోతే, దాన్ని ఆపరేషన్ లక్షణమని దాటేయడానికి వీల్లేదు. మందుల చీటీయే సాక్ష్యం చెబుతుంది.

ముందే చెప్పడం గురించి సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. ఆ కేసులో పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, ఆమెను అడగకుండా, తల్లి సంతకంతో గర్భాశయం తీసేశారు. రోగి సమ్మతి చెల్లాలంటే చికిత్స ఏమిటి, ఎందుకు, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి అన్నవి తగినంతగా చెప్పి ఉండాలని కోర్టు అన్నది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఎక్కడో అరుదుగా జరిగే ప్రమాదాలన్నీ చెప్పి భయపెట్టనక్కర్లేదు. ఆసుపత్రి వకీలు ఈ రెండో మాటనే పట్టుకుంటాడు. దానికి జవాబు: జీవితాంతం తిండి తీరునే మార్చాల్సి వచ్చే లక్షణాన్ని, స్పృహ తప్పించగల లక్షణాన్ని, వైద్యులకు బాగా తెలిసినదాన్ని "ఎక్కడో అరుదు" ఖాతాలో వేయలేరు. ఇది నా అభిప్రాయం, వాదించి గెలవాల్సిన విషయమే. ఆరు పేజీల ఇంగ్లిషు ఫారం మీద ఆపరేషన్ పొద్దున సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి అవుతుందా అన్నది కూడా అక్కడే వాదించాలి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు దాఖలు చేయాలి. మన టీచరమ్మకు ఆపరేషన్ రోజు నుంచి లెక్కిస్తే మిగిలింది కొన్ని నెలలే. మరి లక్షణమే ఆలస్యంగా బయటపడితే? 2010లో డాక్టర్ శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. నష్టం పైకి కనిపించనిదైతే, రోగికి అది తెలిసిన రోజు నుంచో, మామూలు శ్రద్ధతో తెలిసి ఉండాల్సిన రోజు నుంచో గడువు లెక్క మొదలవుతుంది.

అయితే ఆ కేసు పెట్టిన మహిళ ఓడిపోయింది. ఎందుకో తెలుసుకోవాలి. ఆమె గోవాలో నర్సు. 1993లో పిత్తాశయం రాళ్లకు ఆపరేషన్ జరిగింది. అప్పటినుంచీ కడుపునొప్పే. 2002లో రెండో ఆపరేషన్‌లో లోపల మిగిలిపోయిన గాజుగుడ్డ బయటపడింది. అన్నేళ్లు నొప్పి భరిస్తూ కూడా ఆ డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లలేదు, అందులోనూ నర్సు, కాబట్టి ముందే తెలుసుకుని ఉండాల్సిందని కోర్టు ఫిర్యాదును గడువు దాటిందని కొట్టేసింది. నాకు ఆ తీర్పు కటువుగానే అనిపిస్తుంది. కానీ ఉన్న చట్టం అది. "ఏదో ఎండకులే" అని మూడేళ్లు మజ్జిగ తాగుతూ కూర్చున్నవాళ్లను కూడా కోర్టు ఇదే ప్రశ్న అడుగుతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని ఆగొద్దు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్నింటికి, ఏం తిన్న ఎంతసేపటికి, గ్లూకోమీటర్ అంకె ఎంత, ఏం తాగితే తేరుకున్నారు. డాక్టరుకు జబ్బు తేల్చడానికి కావాల్సిందీ ఇదే, కమిషన్‌కు తేదీలు చూపించడానికి కావాల్సిందీ ఇదే. ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదును అదే రోజు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఆసుపత్రికి రాయండి. ఫోన్ మాట గాలికి పోతుంది.

కేస్ షీట్‌ను మాత్రం ఇవాళే అడగండి. భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి ప్రకారం చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లపాటు రికార్డులు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటితే "మా దగ్గర లేవు" అనడానికి వాళ్లకు దారి దొరుకుతుంది. దరఖాస్తు రెండు వాక్యాలు చాలు: "ఫలానా తేదీన మీ దగ్గర నాకు ఆపరేషన్ జరిగింది. నా సమ్మతి పత్రం, కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, ల్యాబ్ రిపోర్టుల నకళ్లు ఇప్పించగలరు." రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

కాగితాలుంటే ఏం జరుగుతుందో మన తెలుగు నేల మీది కేసే చెబుతుంది. 2002 జూలైలో ఒకాయన జ్వరంతో ఉన్న భార్యను హైదరాబాదులోని నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్‌లో చేర్చాడు. ఆయన ఉద్యోగం మలేరియా విభాగంలో. ఆమెకు వచ్చింది మలేరియా, అక్కడ చేసింది టైఫాయిడ్ వైద్యం. వేరే ఆసుపత్రికి మార్చినా ఆమె బతకలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ ఔనంది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రెండింటినీ పక్కనపెట్టి జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి వైద్య కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదన్నది ఆ తీర్పు సారం. చిక్కుముడి కేసుల్లో మాత్రం కావాలి. మన టీచరమ్మ కేసులో ఎండోక్రైనాలజిస్టు రాసిన అభిప్రాయం ఒకటి చేతిలో ఉంటే మంచిది.

ఆపరేషన్ బెంగళూరులో జరిగింది కదా, కేసు కోసం అక్కడికి తిరగాలా? అక్కర్లేదు. 2019 చట్టం 34వ సెక్షన్ మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకోనిస్తుంది. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే అనంతపురంలోని జిల్లా కమిషన్ చాలు. 5 లక్షలలోపైతే రుసుము కూడా లేదు. ప్రభుత్వాసుపత్రిలో అందరికీ ఉచితంగా చేసే వైద్యం మాత్రం ఈ చట్టం కిందికి రాదు. ఆసుపత్రి సేవలు, బీమా వివాదాలు రెండింటినీ శాశ్వత లోక్ అదాలత్ కూడా వింటుంది. అక్కడ ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతే వాళ్లే తీర్పు చెబుతారు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు కనుక ఆలోచించి వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు.

బీమా గురించి ఒక మాట. ఆపరేషన్ ఖర్చు ఇవ్వడానికి బీమా కంపెనీలు బీఎంఐ 40, లేదా తీవ్రమైన జబ్బులుంటే 35 ఉండాలంటాయి. ఆసియావాసులకు 27.5 దాటితేనే ఆపరేషన్ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు అన్నాయి. డాక్టరు సరేనన్నంత మాత్రాన బీమా సరేననదు, ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. తర్వాత షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరినప్పుడు "ఇదీ ఊబకాయం ఖర్చే" అని తిరస్కరిస్తే ఒప్పుకోవద్దు. ఆ మినహాయింపు మాట్లాడేది ఊబకాయం ఆపరేషన్ గురించి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు, ఏడాదిలోపు.

చివరిగా బండి సంగతి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో, ఆకస్మికంగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉన్నాయా అని అడిగే గడి ఒకటుంది. చాలామంది చదవకుండా "లేదు" అని కొట్టేస్తారు. పడిపోతున్నానని తెలిసి కూడా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద మొదటిసారి వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంతకన్నా పెద్ద తంటా ఇంకొకటి. షుగర్ పడిపోయిన మనిషి తూలుతాడు, ముద్దగా మాట్లాడతాడు, ఒక్కోసారి ఎదురు తిరుగుతాడు. చూసేవాళ్లకు తాగినట్టే ఉంటుంది. పోలీసులు ఆపితే శ్వాస పరీక్షకు నిరాకరించకండి, అడిగి చేయించుకోండి. తాగలేదని తేల్చేది అదే. తాగి ఉంటే వేరే కథ, బైపాస్ అయిన ఒంట్లో మద్యం మామూలుకన్నా త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది.

పర్సులో ఒక చీటీ ఉంచండి, తెలుగులో, ఇంగ్లిషులో: "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది. నేను తడబడుతుంటే షుగర్ పరీక్షించండి. స్పృహ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి." అకార్బోస్ మాత్ర వాడుతున్నవాళ్లయితే "చక్కెర కాదు, గ్లూకోజే" అని కింద గీత గీసి మరీ రాయండి, ఆ మాత్ర మామూలు చక్కెరను త్వరగా అరగనివ్వదు. తేరుకున్నాక గుప్పెడు వేయించిన వేరుశనగలు తినండి, మళ్లీ పడిపోకుండా. ఆ పూట కూడా నోటుబుక్కులో రాయండి, టైముతో సహా.