పానక నివేదనము

భగవదారాధనమున గృహస్థుడు సమర్పించు ఉపచారములలో నివేదనము ముఖ్యమైనది. అర్ఘ్యపాద్యాదులు స్వామికి చేయు మర్యాదలు. పుష్పధూపదీపములు ఆయనకు చేయు సేవలు. నివేదనమన్ననో, తన జీవనమునకు ఆధారమైన అన్నపానీయములను స్వామి సన్నిధిని ఉంచి, ‘ఇది నీది, నాది కాదు’ అని విన్నవించుకొనుట. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు ఆకునైనను, పువ్వునైనను, పండునైనను, కడకు నీటినైనను భక్తితో నిచ్చినచో స్వీకరింతునని ఆనతిచ్చినాడు. ఈ నాలుగింటిలో నీరు అందరికిని లభించునది. ఆ నీటికి కొంత బెల్లమును, కొన్ని సుగంధద్రవ్యములను చేర్చినచో పానకమగును. పేదవానికిని భారము కాని నైవేద్యమిది.

అయితే, సులభముగా అమరునది కనుకనే దీనిని తేలికగా చూచు అలవాటు ఇండ్లలో ప్రబలినది. పండుగనాటి ఉదయమున గ్లాసెడు నీటిలో ఇంత బెల్లము కలిపి, పటము ముందుంచి, గంట మ్రోగించి తీసివేసినచో పని ముగిసినదని తలచువారు పెక్కురు. పానకము చేయు విధమును, దాని వెనుకనున్న భావమును తెలిసికొన్నచో, ఈ చిన్న నైవేద్యమే గృహస్థునకు పెద్ద పాఠము కాగలదు.

పానకాలస్వామి సన్నిధి

పానకమునే తన పేరుగా చేసికొన్న స్వామి మంగళగిరి నృసింహుడు. గుంటూరు జిల్లాలోని ఈ క్షేత్రమున కొండ ఏనుగు ఆకారమున కనిపించును. కొండ దిగువన లక్ష్మీనృసింహస్వామి, కొండమీద పానకాలస్వామి, శిఖరమున గండాలయస్వామి వెలసియున్నారు. పానకాలస్వామి సన్నిధిలో సంపూర్ణ విగ్రహము లేదు. తెరచిన నోటితో స్వామి ముఖము మాత్రమే దర్శనమిచ్చును. భక్తులు తెచ్చిన పానకమును అర్చకస్వాములు శంఖముతో ఆ నోట పోయుదురు. గుటకలు వేయుచున్నట్లు శబ్దము వినవచ్చును. కొంతసేపటికి ఆ శబ్దము ఆగును. అంతట మిగిలినదానిని ప్రసాదముగా భక్తునకు తిరిగి యిత్తురు. బిందె చిన్నదైనను పెద్దదైనను స్వామి సగమే స్వీకరించి, సగమును భక్తునకు విడిచిపెట్టునని ప్రసిద్ధి. ఇంత బెల్లపునీరు ఒలుకుచున్నను అచట చీమలు కానరావని యాత్రికులు ఆశ్చర్యముతో చెప్పుకొందురు.

నముచి యను రాక్షసుని సంహరించిన పిమ్మట ఉగ్రుడైయున్న స్వామిని దేవతలు అమృతము సమర్పించి శాంతింపజేసిరని స్థలపురాణము. కృతయుగమున అమృతమును, త్రేతాయుగమున నేతిని, ద్వాపరమున పాలను గ్రహించిన స్వామి కలియుగమున పానకముతోనే తృప్తి నొందునని పెద్దలు చెప్పుదురు. ఈ క్రమమును గమనింపవలెను. యుగము మారినకొలది మానవుని శక్తి తగ్గినది. శక్తి తగ్గినకొలది స్వామి తన కోరికను తగ్గించుకొన్నాడు. అమృతము తేలేని వాని ఇంటికి బెల్లపునీటికై దిగివచ్చుటయే ఆయన సౌలభ్యము. శ్రీకృష్ణ చైతన్య మహాప్రభువు తన దక్షిణదేశ యాత్రలో ఈ పానక నృసింహుని సేవించినట్లు చైతన్య చరితామృతము తెలుపుచున్నది.

ఈ క్షేత్రమునుండి గృహస్థుడు గ్రహింపదగిన విషయ మొకటి కలదు. సర్వమును తనదేయైన స్వామి సగముతో ఆగుచున్నాడు. ఇచ్చిన భక్తుడు సగమును ప్రసాదముగా పొందుచున్నాడు. నైవేద్యమనగా స్వామికి ఇచ్చి పోగొట్టుకొనుట కాదు. స్వామినుండి తిరిగి పొందుట. అట్లు పొందినది ఒక్కని కొరకు కాదు.

శ్రీరామనవమి

తెలుగు ఇండ్లలో పానకము ప్రధానముగా శ్రీరామనవమి నాటి నైవేద్యము. చైత్ర శుద్ధ నవమినాటికి ఎండలు ముదురుచుండును. ఊరూర చలువపందిళ్లు వేసి, సీతారామ కల్యాణము జరిపి, వడపప్పును, పానకమును పంచిపెట్టుట మన ఆచారము. నానబెట్టిన పెసరపప్పు చలువచేయును. బెల్లపునీరు ఎండలో అలసిన దేహమునకు వెంటనే బలమిచ్చును. మిరియాలు, శొంఠి జీర్ణశక్తిని కాపాడును. స్వామికి సమర్పించు వస్తువే ఋతువునకు తగిన ఔషధమగునట్లు పెద్దలు ఏర్పాటు చేసినారు. భద్రాచలమున కల్యాణము చూచిన వానికిని, తన ఇంట పటమునకు పూజ చేసికొన్న వానికిని ఆనాడు లభించు ప్రసాదము ఒక్కటియే.

ద్రవ్యములు, ప్రమాణము

ఒక లీటరు నీటికి 200 గ్రాముల బెల్లము, సుమారు 20 మిరియాలు, 4 లేక 5 ఏలకులు, అర చెంచా శొంఠిపొడి, కొన్ని తులసీదళములు చాలును. జనసంఖ్యను బట్టి ఈ ప్రమాణమునే పెంచుకొనవచ్చును.

బెల్లము ముదురు రంగుదైనను శుద్ధమైనదిగా ఉండవలెను. బెల్లము తెల్లగా, పసుపుపచ్చగా మెరయుటకై వంటలో హైడ్రోస్ వంటి రసాయనములు కలుపు అలవాటు కలదు. కంటికి ఇంపుగా ఉన్నంతమాత్రమున అది స్వామికి అర్హమని తలపరాదు. నీరు కాచి చల్లార్చినదైనచో పదిమందికి పంచుటకు నిర్భయముగా ఉండును.

పాత్ర విషయమునను జాగ్రత్త అవసరము. బెల్లము, నిమ్మరసము వంటివి కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో నిలువ ఉన్నచో లోహముతో కలిసి చెడును. వెండి పాత్రగాని, కళాయి వేసినదిగాని, స్టీలు పాత్రగాని, కొత్త మట్టికుండగాని వాడవలెను. తడియిసుకపై నుంచిన కొత్తకుండలో పానకము సహజముగనే చల్లబడును. శుద్ధి తెలియని మంచుగడ్డలను అందు వేయరాదు.

పచ్చకర్పూరము సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. తీర్థమునకును, పానకమునకును పరిమళము కొరకు దీనిని చేర్చు ఆచారము ఆలయములలోను, ఇండ్లలోను కలదు. కాని పచ్చకర్పూరము వేరు, హారతి కర్పూరము వేరు. పళ్లెములో వెలిగించు హారతి కర్పూరము నేడు ఎక్కువగా టర్పెంటైను నూనెనుండి కర్మాగారములలో తయారగునది. అది కడుపులోనికి పోయినచో విషము. చిన్నపిల్లలకు కొద్దిపాటి పరిమాణముననే మూర్ఛలు తెప్పించును. తెల్లగా ఉన్నదని, వాసన ఒక్కటేయని, పూజాసామగ్రిలో చేతికందినదానిని పానకమున వేయుట మహాప్రమాదము. తినదగిన పచ్చకర్పూరమైనను బియ్యపుగింజలో సగమునకు మించరాదు. దాని శుద్ధి విషయమున ఏమాత్రము సందేహమున్నను మానివేయవలెను. పసిపిల్లలు, గర్భిణులు త్రాగు పానకమున ఎట్టి కర్పూరమును లేకుండుటయే మేలు. పరిమళమునకు తులసి యొక్కటియే చాలును. తులసి లేని లోపమును మరి యే ద్రవ్యమును తీర్పజాలదు. తులసి ఉన్నచో మరి యే లోపమును లెక్కకు రాదు.

చేయు విధము

స్నానముచేసి, శుచియైన వస్త్రము ధరించి, వంటయింటిని శుభ్రపరచిన పిమ్మట పని ప్రారంభింపవలెను. తులసిని పగటివేళనే కోసి యుంచుకొనవలెను. సూర్యాస్తమయానంతరమును, ద్వాదశినాడును తులసి కోయుట వైష్ణవ సంప్రదాయమున నిషిద్ధము.

బెల్లమును మెత్తగా చితుకగొట్టి కొద్దినీటిలో నానబెట్టవలెను. పూర్తిగా కరిగిన పిమ్మట పలుచని తెల్లబట్టలో వడకట్టవలెను. బెల్లమున ఇసుక, చెరకు పిప్పి ఉండుట సాధారణము కనుక ఈ పని తప్పనిసరి. తరువాత తక్కిన నీటిని చేర్చి, మిరియాలు, ఏలకులు పొడిచేసి శొంఠిపొడితో కలుపవలెను. మిరియాలు మరీ మెత్తగా నూరినచో గొంతు మండును. కచ్చాపచ్చాగా దంచినచో ఘాటు మితముగా ఉండును. నిమ్మరసము చేర్చు వాడుక కొన్ని ఇండ్లలో కలదు. అది ఆయా ఇంటి ఆచారము ననుసరించి చేయదగినది. చివరకు తులసీదళములు వేసి మూతపెట్టవలెను.

వేసవిలో బెల్లపునీరు త్వరగా పులియును. ఉదయము చేసిన పానకమును ఆ పూటకే వినియోగింపవలెను. ముందునాడు చేసి నిలువ ఉంచినది నివేదనమునకు పనికిరాదు.

రుచి చూడరాదు

నైవేద్యము చేయువారు నివేదనమునకు ముందు దానిని రుచి చూడరాదు, వాసన చూడరాదు. ఈ నియమము కొందరికి కఠినముగా తోచును. తీపి సరిపోయినదో లేదో తెలియుట ఎట్లని అడుగుదురు. పైని చెప్పిన ప్రమాణము అందులకే ఏర్పడినది. చేయువారు తమ నాలుకను నమ్మక, పెద్దలు నేర్పిన కొలతను నమ్మవలెను. ‘నాకు నచ్చినది’ అను మాటకు ఇచట తావులేదు. స్వామికి తొలుత అందవలెనను తలపే ఆ కొలతకు ప్రాణము.

శబరి పండ్లను కొరికి రుచి చూచి శ్రీరామునకు పెట్టెను గదా యని ప్రశ్నింపవచ్చును. వాల్మీకి రామాయణమున శబరి పంపాతీరమునందు లభించు వన్యఫలములను శ్రీరాముని కొరకు కూర్చి ఉంచినదని మాత్రమే కలదు. ఎంగిలి మాట అచట లేదు. ఆ కథ భక్తుల నోట పెరిగినది. ఆ కథను చెప్పినవారి భావమైనను వేరుకాదు. శబరి తన రుచికొరకు కొరకలేదు, స్వామికి పులుపు తగులరాదని కొరికినది. అట్టి పరవశమున తన్ను తాను మరచిన వారికి నియమము లేదు. తన్ను తాను మరువలేని వారికి నియమమే రక్ష.

నివేదనము

భగవద్రామానుజులు నిత్యగ్రంథమున గృహారాధన క్రమమును ఉపదేశించినారు. అందు మంత్రాసనము, స్నానాసనము, అలంకారాసనము, భోజ్యాసనము మున్నగు ఆసనములు చెప్పబడినవి. నివేదనము భోజ్యాసనమున జరుగవలసినది. స్వామికి స్నానమును, అలంకారమును జరిపిన పిమ్మట పానకమును సన్నిధిలో శుచియైన పీఠముపై నుంచి, మూత తీసి, శుద్ధజలముతో ప్రోక్షించి, తులసీదళముతో సమర్పింపవలెను. మంత్రోపదేశము పొందినవారు మూలమంత్రముతోను, పొందనివారు శ్రీరామ నామముతోను నివేదింపవచ్చును. కొంతసేపు తెరవేసియో, తలుపు చేరవేసియో, కన్నులు మూసికొనియో స్వామి ఆరగించుచున్నాడని భావింపవలెను. ఈ కొన్ని నిమిషముల నిశ్శబ్దమును తొందరలో విడిచిపెట్టరాదు. అతిథిని పీటమీద కూర్చుండబెట్టి, విస్తరి వేసిన వెంటనే లాగివేయువాడు ఉండడు గదా! తరువాత ఆచమనీయము, తాంబూలము సమర్పించి హారతి నీయవలెను.

ప్రసాద వినియోగము

నివేదితమైన పానకము పిమ్మట ఆళ్వారులకు, ఆచార్యులకు సమర్పింపబడును. అనంతరము ఇంటికి వచ్చినవారికి, పిల్లలకు, వృద్ధులకు ఇచ్చి, చేసినవారు చివర స్వీకరింపవలెను. తమకొరకే వండుకొనువారు పాపమునే భుజింతురనియు, యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురనియు గీతాచార్యుని ఉపదేశము. రుచి చూడకుండ చేసిన చేతికి, అందరికన్న కడపట అందు ప్రసాదమే నిజమైన రుచి.

ఆనాడు వీధిలో ఎండకు నడచువారు ఎందరో ఉందురు. ఉత్తరములు తెచ్చువాడు, చెత్త ఎత్తువారు, బండి లాగువాడు, ఇల్లు కట్టు కూలీలు, వీరందరును రామనవమినాడు ప్రతి గృహస్థునకు అతిథులే. ఇంటిముందు మూతపెట్టిన కుండయు, శుభ్రమైన గ్లాసులును ఉంచి, పొడవైన గరిటెతో తీసి ఇచ్చినచో ఆ గడప ఆనాడు చలువపందిరి యగును. కులగోత్రములు అడిగి పోయునది పానకము కాదు. దాహమును చూచి పోయునదే పానకము.

మధుమేహ వ్యాధి గలవారు ప్రసాదమును కాదనలేక గ్లాసుతో త్రాగి బాధపడరాదు. ప్రసాదమునకు పరిమాణము ప్రధానము కాదు. ఉద్ధరిణెడు స్వీకరించి కన్నులకద్దుకొన్నను ఫలము పూర్ణమే. ఇచ్చువారును అంతకు మించి బలవంతము చేయరాదు.

కొండమీది స్వామి సగముతో తృప్తుడై మిగిలినది తన భక్తునకు విడుచుచున్నాడు. ఆ భక్తుడు తన ఇంట చేసిన పానకమును, తాను రుచి చూడక స్వామికిని, తాను త్రాగక తోడివారికిని ముందుగా ఇచ్చినచో, స్వామి నేర్పిన పాఠమును స్వామికే ఒప్పగించినవాడగును. కుండ ఖాళీయైన పిమ్మట అడుగున మిగిలిన ఆ నాలుగు చుక్కలలో తులసి పరిమళము నిండియుండును. గృహస్థునకు అదియే చాలును.