మధ్యధరా తీరంలో మకాం ఎక్కడ?

పాటల చిత్రీకరణకు యూనిట్‌ను విదేశం తీసుకెళ్ళి, బస చూపించి, వేళకు అన్నం పెట్టించి, అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చడం ప్రొడక్షన్ మేనేజర్‌గా నా పనిగా ఉండేది. ఫిల్మ్‌నగర్ ఆఫీసులు మానేసి ఎర్రగడ్డలో ఇంటిపట్టున ఉంటున్నా, ఇటలీకో గ్రీసుకో బయల్దేరేవాళ్ళు ఇప్పటికీ వచ్చి "అంకుల్, ఎక్కడ దిగమంటారు?" అని అడుగుతారు. వాళ్ళకు చెప్పేవే ఇవి.

1. తెరమీద చూసి మురిసిపోయిన ఊళ్ళోనే గది తీసుకోనక్కర్లేదు. 'మరో చరిత్ర' చూసి భీమిలి మీద మనసు పడినవాళ్ళు కూడా విశాఖలో దిగి, బీచ్ రోడ్డు మీద వెళ్ళొస్తారు కదా. ఇటలీలో చింక్వె తెర్రె అని కొండ అంచున ఐదు ఊళ్ళున్నాయి. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. అందానికి లోటు లేదు కానీ గదులు తక్కువ, మెట్లు ఎక్కువ. కోర్నీలియాలో రైలు దిగి ఊళ్ళోకి నడిచి వెళ్ళాలంటే 380 పైచిలుకు మెట్లెక్కాలి. పక్కనున్న లా స్పెజియా పట్నంలో దిగితే మొదటి ఊరికి రైల్లో పది నిమిషాలు కూడా పట్టదు. కెమెరా పెట్టెలు, కాస్ట్యూమ్ ట్రంకులు మోసే కుర్రాళ్ళ నడుములు చూశాక, స్టేషన్‌కు దగ్గరగా లేని హోటల్‌ను నేను లెక్కలోకే తీసుకోలేదు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు వాళ్ళ మోకాళ్ళను అలాగే తలుచుకోవాలి.

2. అమాల్ఫీ తీరం వెంబడి దారి ఒక్కటే. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. సీజన్‌లో రద్దీ పెరిగితే సరి, బేసి నంబర్ల లెక్కన కార్లను వదిలే రోజులూ ఉంటాయి. అందుకే నా ఓటు సలెర్నోకి. రోమ్ నుంచి రైలు నేరుగా వస్తుంది. వేసవి నెలల్లో అక్కడి నుంచి అమాల్ఫీకి, పొసిటానోకి పడవలుంటాయి. చలికాలంలో పడవలు ఆగిపోతాయి, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నా అంతే. కాప్రీ దీవి, పాంపే శిథిలాలే మీకు ముఖ్యమైతే సొరెంటోలో దిగండి. అది కొండకు అవతలి పక్క, నేపుల్స్ అఖాతం వైపు ఉంటుంది.

3. దీవుల దగ్గర మాత్రం నేను మాట మారుస్తాను. దీవికి వెళ్తే దీవిలోనే పడుకోవాలి. పెద్ద ఓడల్లో వచ్చే జనం పగలంతా సందుల్లో నిండిపోయి సాయంత్రానికి వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక మిగిలే ఊరు, తెల్లవారుజాము వెలుగు అక్కడ నిద్ర చేసినవాళ్ళకే దక్కుతాయి. నన్నడిగితే ఆ వెలుగు కోసం ఎంత ఖర్చైనా పెట్టొచ్చు. శాంటోరినీలో అగ్నిపర్వతం పేలి కూలిన అంచు మీద ఈయా, ఇమెరోవీగ్లీ, ఫీరా ఉన్నాయి. ఫొటోల్లో చూసే తెల్లటి ఇళ్ళు అక్కడివే. ధరలూ అలాగే ఉంటాయి. తూర్పున కమారి, పెరిస్సాల్లో నల్లటి తీరం, చదునైన నేల, ఫీరాకు బస్సు. నా పద్ధతి ఏమిటంటే, ఎక్కువ రాత్రులు కమారిలో, ఒక్క రాత్రి ఆ అంచు మీద. జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి లేస్తే ఓడలు ఆగిపోతాయి. ఇంటికొచ్చే విమానానికి ముందు రాత్రి ఏథెన్స్‌లో ఉండి తీరాలి. దీనికి మినహాయింపు లేదు.

4. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అందుకని బస లెక్క తేలాకే వీసా పని. 2023 నుంచి క్రొయేషియా కూడా షెంజెన్‌లోకి వచ్చింది కాబట్టి ఇటలీ చూసి, అదే వీసా మీద స్ప్లిట్‌కి, హ్వార్ దీవికి వెళ్ళొచ్చు. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి.

5. వంటిల్లు ఉన్న బస దొరికితే వదలొద్దు. రోజంతా ఎండలో డ్యాన్స్ చేసిన పిల్లలకు రాత్రి వేడివేడి చారన్నం పెడితే వాళ్ళ మొహాలు ఎలా విచ్చుకుంటాయో నేను కళ్ళారా చూశాను. బియ్యం, కందిపొడి పట్టుకెళ్ళండి. నెయ్యి, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి సామానులో తేవడానికి ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. 'ఇద్దరమ్మాయిలతో' చూసి బార్సిలోనా వెళ్తామనేవాళ్ళు ఫ్లాట్ తీసుకునేటప్పుడు ప్రకటనలో పర్యాటక లైసెన్సు నంబరు ఉందో లేదో చూడాలి. స్థానికులకు అద్దె ఇళ్ళు దొరకడం లేదని ఆ నగరం 2028 చివరికల్లా ఇలాంటి లైసెన్సులన్నీ ఆపేస్తామని ప్రకటించింది. ఆ ఊరివాళ్ళ బాధలో న్యాయం ఉంది. లైసెన్సు లేని ఇంట్లో దిగడం నాకు నచ్చదు.

6. డబ్బు కట్టేముందు మూడు సంగతులు రాసి అడగండి. లిఫ్ట్ ఉందా, వీధి నుంచి గదికి ఎన్ని మెట్లు, ఏసీ ఉందా. ఇటలీ, గ్రీసుల్లో గది అద్దె కాక రాత్రికింత అని పన్ను ఉంటుంది. చాలాచోట్ల దాన్ని హోటల్ కౌంటర్‌లోనే కట్టించుకుంటారు.

7. ప్రయాణానికి మే నెల గానీ, సెప్టెంబరు రెండో సగం గానీ చూసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా చిన్న దీవుల్లో చాలా హోటళ్ళు మూసే ఉంటాయి. సెప్టెంబరులో వెళ్తే పిల్లల్ని నీళ్ళలోకి దింపడానికి భయపడక్కర్లేదు. వేసవంతా కాగిన సముద్రం అప్పటికింకా వెచ్చగానే ఉంటుంది.