పాత కట్టడాన్ని కూల్చే ముందు

మన సింహాద్రిపురం వైపు నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోతే, పెన్నా లోయ అంచున జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయస్వామి ఆలయం ఒకే కోటగోడ లోపల కనబడతాయి. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చట్టరీత్యా నిషిద్ధం. ఆ జాబితాకు ఎక్కని కట్టడాల గతి ఏమిటి?

హైదరాబాదులోని ఇర్రం మంజిల్ సంగతి చూద్దాం. నవాబు ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ఈ భవనంలో 150కి పైగా గదులున్నాయి. ఫారసీలో ‘ఇరం’ అంటే స్వర్గవనం. ఆ గుట్టను జనం ‘ఎర్రగుట్ట’ అనేవారట, రెండు మాటలూ కలిసొచ్చేలా నవాబు ఆ పేరు పెట్టాడని చెబుతారు. (తెలుగూ ఫారసీ ఇంత తేలిగ్గా కలవడం మాకు ముచ్చటేసింది.) 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం దీన్ని పడగొట్టి శాసనసభ కట్టాలని తీర్మానించింది, శంకుస్థాపన కూడా జరిగింది. పౌరులు ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేశారు. అదే ఏడు సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. భవనం అందంగా ఉందన్న ఒక్క మాటతో తీర్పు రాలేదు. చట్టం చెప్పిన పద్ధతిని ప్రభుత్వం పక్కనబెట్టిందన్న వాదన నిలిచింది. ఆ భవనం పేరు వారసత్వ కట్టడాల జాబితాలో ఒకప్పుడు నమోదై ఉండడం ఆ వాదనకు బలమైంది. కాగితం మీద పేరుండడం అంత అవసరం.

మన పల్లెల్లో పాత మసీదులకూ, పీర్ల చావిళ్లకూ ఆ కాగితమే ఉండదు. పైగా అవి ఒక్కరోజులో కూలేవి కావు. పిట్టగోడ పగులులో రావి మొక్క మొలుస్తుంది, ఎవరూ పీకరు. నాలుగు వానలకు మిద్దె ఉరుస్తుంది. ఎవరో సిమెంటు పూస్తారు. సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ వదులుతుంది, సిమెంటు ఆ తేమను లోపలే బిగబట్టి గోడను పిండి చేస్తుంది. ఆపైన “శిథిలమైంది, పడగొట్టి పెద్దది కడదాం” అనే మాట వస్తుంది. జమాతు పెరిగినప్పుడు చోటు కావాలన్నది న్యాయమే. కానీ పక్కన ఖాళీ జాగా ఉన్నచోట కూడా పాతదాన్నే ఎందుకు పడగొడుతున్నారో మాకు అర్థం కాదు.

కమిటీ తీర్మానం రాసే ముందు సర్వే నంబరు, కొలతలు, శిలాఫలకాల ఫోటోలు ఫైలులో పెట్టండి. వక్ఫ్ రికార్డులో పేరుందో లేదో చూడండి. గానుగసున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీని ఒకసారి మిద్దె ఎక్కించి, బాగుచేతకు ఒక అంచనా, కొత్త కట్టడానికి ఒక అంచనా వేరువేరుగా రాయించి, రెంటినీ జమాతు ముందు చదివి వినిపించండి.