క్యాంపుల ఉద్యోగం: ఉండాలా, మారాలా?

మందుల కంపెనీలు, యంత్రాల సర్వీసు, ఆడిట్, అమ్మకాలు - చదువు పూర్తయిన మన అమ్మాయిలకు, అబ్బాయిలకు తొలి ఉద్యోగం ఎక్కువగా ఇటువంటి చోట్ల దొరుకుతుంది. వీటిలో ఊళ్లు తిరగడం తప్పదు. ఆరు నెలలయ్యేసరికి పిల్లలు "మానేస్తాం" అంటారు, పెద్దలు "నిలకడ లేదు" అంటారు. ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకుంటే ఈ వాదన సగం తీరుతుంది.

1. కష్టం ఎక్కడుంది?

ఒక నెలపాటు నోటుబుక్కులో ఇవి రాయండి: బయట గడిపిన రాత్రులు, పనివేళలు కాక ప్రయాణానికి పోయిన గంటలు, భత్యం చాలక చేతినుంచి పెట్టిన డబ్బు. పనే నచ్చలేదా, తిరుగుడే భారమా అన్నది కూడా రాయండి. తిరుగుడు ఒక్కటే భారమైతే ఉద్యోగం మారకుండానే దారి ఉండవచ్చు.

2. ముందు సర్దుబాటు

హోసూరులో ఉండే ఉద్యోగికి కృష్ణగిరి, ధర్మపురి, సేలం ఒకే రహదారిపై వస్తాయి. మూడుసార్లు వెళ్లే బదులు ఒకే క్యాంపులో ముగించేలా టూర్ ప్రోగ్రాం రాసి మేనేజరుకివ్వండి. బిల్లులు వారం వారం పంపండి. రాత్రి బస్సు దిగి నేరుగా డ్యూటీకి వెళ్లడం అలవాటు చేసుకోవద్దు. ఇలా మూడు నెలలు చూడండి.

3. జీతం లెక్క

ఒక ఉదాహరణ. జీతం 28,000 రూపాయలు, చేతి ఖర్చు 3,000. మిగిలేది 25,000. పని 200 గంటలు, అదనపు ప్రయాణం 50 గంటలు. అంటే గంటకు 100 రూపాయలు. సొంత ఊళ్లో మరో ఉద్యోగానికి 23,000 జీతం, 500 ఖర్చు, 200 గంటలు. గంటకు 112 రూపాయల 50 పైసలు. చిన్న జీతమే గంటకు ఎక్కువిస్తోంది! అయినా నెలకు చేతికొచ్చేది 2,500 తక్కువ. విద్యా రుణం వాయిదా ఆ డబ్బుతోనే కడుతుంటే, ఫలానా నెల వరకు ఉంటానని గడువు పెట్టుకుని ఆగడం మేలు.

4. తొందరపడకూడని చోట్లు

కొత్త నియామక పత్రం చేతికి రాకముందే రాజీనామా ఇవ్వకండి. నోటీసు గడువు చూసుకోండి. పి.ఎఫ్. తీసేయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. ఐదేళ్లలోపు తీస్తే పన్ను పడవచ్చు. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ సాధారణంగా ఐదేళ్లు నిండితేనే వస్తుంది. మూలవేతనం, కరువుభత్యం కలిపి 14,000 అయితే, దాన్ని 26తో భాగించి, 15తోనూ ఐదేళ్లతోనూ హెచ్చవేస్తే సుమారు 40,385 రూపాయలు. నాలుగేళ్ల పది నెలలకు మానేసేవారు ఈ అంకె ఒకసారి చూడాలి.

5. తల్లిదండ్రులకు

నలుగురూ ఏమంటారో అని పిల్లలను ఆపకండి. నిద్ర లేక, వేళకు తిండి లేక ఆరోగ్యం చెడుతుంటే అది నిలకడ లేకపోవడం కాదు. అలాగని ఒక్క క్యాంపు కష్టం విని "వచ్చెయ్" అనకండి. నోటుబుక్కు చూపించమనండి.

అభ్యాసం

ఇంకా చదువుతున్న విద్యార్థులు ఇంటర్వ్యూలో అడగవలసిన మూడు ప్రశ్నలు: నెలకు ఎన్ని రాత్రులు బయట ఉండాలి? రోజు భత్యం ఎంత? ఎన్నాళ్లకు ఒకచోట ఉండే పనికి మారవచ్చు? వీటికి మరో రెండు మీరు చేర్చి, ఇంట్లో చర్చించండి.