సౌందరనందమున సుందరీకథాపూరణము

తెలుగున జంటకవిత్వము నేటిది కాదు. పదునైదవ శతాబ్దిలోనే నంది మల్లయ, ఘంట సింగయలు ప్రబోధచంద్రోదయమును, వరాహపురాణమును కలిసి రచించిరి. ఆధునికయుగమున ఆ పద్ధతికి ప్రతిష్ఠ కలిగించినవారు తిరుపతి వేంకటకవులు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని సహాధ్యాయులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగార్లు, ఎవరు రచించినను ఇరువురి పేరనే వెలువడవలెనని నియమము చేసికొనిరి. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిన పిదపను వేంకటశాస్త్రిగారు ఆ నియమమును విడువలేదు. ఏ పద్యమెవరిదో విడదీయబూనిన పరిశోధకులకు ఇది చిక్కే. అయితే అంతకంటె విచారింపదగిన ప్రశ్న వేరొకటి కలదు: తోడు లభించుటచేత కథ కేమి లభించును?

ఈ ప్రశ్నకు సమాధానము వేంకటశాస్త్రిగారి శిష్యులయందే దొరకుచున్నది. ఆయన బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండగా పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లు ఆయన శిష్యులైరి. పింగళివారి స్వగ్రామము దివిప్రాంతమున ఘంటసాల చేరువనున్న చిట్టూర్పు; కాటూరివారిది ఉయ్యూరు చేరువ కాటూరు. బందరులో కలిసిన వీరు గురువుల అడుగుజాడలలో జంటకవులై, 1932లో సౌందరనందమును గురువుగారి షష్టిపూర్తి సందర్భమున గురుదక్షిణగా సమర్పించిరి.

ఇతివృత్తము అశ్వఘోషునిది. ఆ సంస్కృతకావ్యమును హరప్రసాదశాస్త్రి పరిష్కరించి 1910లో ప్రకటించిరి. బౌద్ధకథ కృష్ణాతీరమునకు పరాయిది కాదు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల ప్రాంతముల బౌద్ధావశేషములనుగూర్చి అలెగ్జాండరు రీ గ్రంథము 1894లోనే వెలువడినది. ఆ శిథిలములే కవులకు ప్రేరణ యనుట సాహసము. వారు పెరిగిన నేల అట్టిదనుట మాత్రము యథార్థము.

అశ్వఘోషుని చతుర్థసర్గమున సుందరి ముఖమున దిద్దిన విశేషకము తడియారకముందే మరలివత్తునని నందుడు వెడలును. మరలి రాడు. షష్ఠసర్గమంతయు ఆమె విలాపమే. తరువాత కథ యావత్తు నందునిది: బలవంతపు సన్న్యాసము, స్వర్గమున అప్సరోదర్శనము, తుద కర్హత్త్వము. పదునెనిమిది సర్గలు ముగియుసరికి సుందరికి దక్కినది ఒక్క శ్లోకము. నీ చిత్తస్థైర్యమును విని నీ భార్యయు ఇంటనుండియే స్త్రీలకు వైరాగ్యకథలు చెప్పగలదని బుద్ధుడు నందునితో పలుకును. అచటి క్రియ “కరిష్యతే”, భవిష్యదర్థకము. జరిగినది కాదు, జరుగబోవునది. తన కావ్యము మోక్షార్థమేకాని వినోదార్థము కాదని చివర చెప్పుకొనిన కవికి అంతకు మించి అవసరము లేకపోయినది. ఆ శ్లోకము సుందరి యెడ కవికి మిగిలిన సంకోచమువలె తోచును.

పింగళి కాటూరి కవులు పట్టుకొనినది ఈ భవిష్యత్క్రియనే యని చెప్పవచ్చును. తెలుగు కావ్యమున సుందరియు భిక్షుణి యగును. దంపతుల ప్రేమ నశింపక లోకకారుణ్యముగా పరిణమించును. ఇది అనువాదమున చేసిన మార్పు మాత్రమే యనుట పొసగదు. మూలకర్త కథానాయకుని వెంట పోయినాడు. తెలుగు కవులు ఇంట మిగిలిన ఇల్లాలి చెంతకు తిరిగి వచ్చి ఆమె గతి యేమని అడిగిరి. ఒంటరిగా రచించు కవికి ఈ ప్రశ్న తోచదని కాదు. అయితే పక్కన కూర్చున్న సహకవి మొదటి పాఠకుడు; “తరువాత ఏమైనది?” అనుటకు అతనికి మొగమాటముండదు.

ఈ ప్రశ్నను ఇరువురిలో ఎవరు ముందు లేవదీసిరన్న చర్చకు కావ్యము చోటియ్యదు. ఒకరి పోకడ గుర్తింపవలెనన్నచో వేరువేరుగా రచించిన వానినే ఆశ్రయింపవలెను. కాటూరివారి పౌలస్త్యహృదయము ఒంటరి రచన; పింగళివారి ఆంధ్రసాహిత్యచరిత్రము, సాహిత్యశిల్పసమీక్ష విమర్శగ్రంథములు. పౌలస్త్యహృదయమున రావణుని మనస్సు వెనుక మరొక మనస్సును వెదకిన తీరును సుందరీపాత్రపోషణముతో పోల్చి చూచుట యీ దిశలో మొదటి పని.