ఒకే బోర్డు కంప్యూటరు: మరమ్మతు, మారుప్రతి

కంప్యూటరు అనే మాట వినగానే నేటి విద్యార్థికి మెరిసే తెర, వేలు తాకితే పలికే సెల్‌ఫోను గుర్తుకు వస్తాయి. ఆ తెర వెనుక ఏం జరుగుతున్నదో చెప్పమంటే మాత్రం మనలో చాలామందిమి తల గోక్కుంటాం. అందులో ఆశ్చర్యం లేదు. ఈనాటి ఫోనులోని చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. దానిని ఒక్క మనిషి ఆసాంతం అర్థం చేసుకోవడం అయ్యే పని కాదు. కాని ఆసాంతం అర్థం చేసుకోగల కంప్యూటరు ఒకటి మన కాలేజీ ల్యాబుల బీరువాల్లోనే దుమ్ము పట్టి పడి ఉన్నది. దాన్నే మనం '8085 కిట్టు' అంటాం. అందులోని మైక్రోప్రాసెసరులో ఉన్నవి సుమారు 6,500 ట్రాన్సిస్టర్లే.

ఇటువంటి పాత కిట్లను బాగుచేయడం, వాటిని చూసి అచ్చం అలాంటివే కొత్తగా కట్టుకోవడం అనేక దేశాలలో ఒక అభిరుచిగా సాగుతున్నది. అది వట్టి కాలక్షేపం కాదనీ, మనవంటి జిల్లా కాలేజీల విద్యార్థులకు అదొక చక్కని చదువనీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంత చరిత్ర

1971లో ఇంటెల్ కంపెనీ 4004 అనే మొదటి మైక్రోప్రాసెసరును విడుదల చేసింది. 1976లో 8085 వచ్చింది. కొత్త ప్రాసెసరును ఇంజనీర్లకు పరిచయం చేయడానికి కంపెనీలు ఒకే బోర్డు మీద ప్రాసెసరు, మెమరీ, మీటల పలక, అంకెలు చూపే ఎర్ర దీపాలు అమర్చి అమ్మేవి. 1976లోనే ఎంఓఎస్ టెక్నాలజీ సంస్థ 6502 ప్రాసెసరుతో కిమ్-1 అనే బోర్డును 245 డాలర్లకు అమ్మింది. దానిలో ఆరు అంకెల డిస్‌ప్లే, 23 మీటలు, కిలోబైటుకు కొంచెం మించిన ర్యామ్ ఉండేవి. ఇంటెల్ వారు ఎస్‌డీకే-85 అనే కిట్టును తెచ్చారు. మన ల్యాబుల్లోని కిట్లన్నీ దాని వరసలోనివే అనుకోవచ్చు.

మన దేశం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరును తయారు చేసింది.  తరవాత మైక్రోప్రాసెసరు యుగంలో ఢిల్లీలోని వినిటిక్స్, బొంబాయిలోని డైనలాగ్, బెంగుళూరులోని ఈఎస్ఏ, మద్రాసులోని వీఐ మైక్రోసిస్టమ్స్ వంటి సంస్థలు 8085 కిట్లు చేసి కాలేజీలకు అమ్మాయి. ఈ ప్రాసెసరును చిన్నచూపు చూడకండి. 1997 జులైలో అంగారక గ్రహం మీద తిరిగిన సోజర్నర్ బండిని నడిపింది 8085 కుటుంబానికే చెందిన 80సీ85.

బీరువాలోని ఆరు కిట్లు

బి.ఎస్సీ. మూడో సంవత్సరంలో ఉన్న మాకు 8085 ఒక పేపరు. మా ల్యాబు బీరువాలో పనిచేయని కిట్లు ఆరు ఉన్నాయి. పనికిరాని సామానుగా రాసి, తూకానికి అమ్మే జాబితాలోకి అవి ఎక్కనున్నాయి. ఈలోగా మా లెక్చరరు గారి అనుమతితో నేనూ ఇద్దరు మిత్రులూ వాటిని బల్ల మీదికి దించాం. ఇప్పటికి రెండు లేచాయి. ఆ పని ఎలా చేశామో వరుసగా రాస్తున్నాను. ఎవరైనా చేసి చూడవచ్చు.

మొదటి పాఠం మాకు పుస్తకంలో కంటే ముందు ఊళ్ళోనే దొరికింది. బాయి కాడ మోటరు కాలితే మా నాయిన దాన్ని వైండింగు మేస్త్రి దగ్గరికి తీసుకుపోతాడు. మేస్త్రి మోటరు విప్పగానే కాలిన తీగెలు కోసి పారెయ్యడు. ఒక్కో కాయిలులో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెడతాడు, తీగె గేజి కొలుస్తాడు, ఏ కాయిలు ఏ గాడి నుంచి ఏ గాడికి పోయిందో చీటీ మీద గీసుకుంటాడు. ఆ తరవాతే కత్తెర పడుతుంది. ఆ చీటీ లేకుంటే ఎంత మంచి రాగి తీగె తెచ్చినా ఆ మోటరు మళ్ళీ నీళ్ళు తోడదు.

కిట్టుకు ఆ చీటీ వంటిది ఈప్రామ్ అనే చిప్పు. మీట నొక్కితే ఏం చేయాలో, దీపాల మీద ఏ అంకె చూపాలో చెప్పే మానిటరు ప్రోగ్రాము దానిలోనే ఉంటుంది. ఆ చిప్పు నడుమ చిన్న గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే లోపల దాచిన విద్యుదావేశం పోయి రాత చెరిగిపోతుంది. కిటికీకి అంటించిన కాగితం ఊడితే ఎర్రటి ఎండలో సుమారు వారంలోనూ, ట్యూబులైటు వెలుగులో సుమారు మూడేళ్ళలోనూ చెరిగిపోవచ్చు. కాగితం ఉన్నా ఏళ్ళు గడిచేకొద్దీ ఆవేశం మెల్లగా కారిపోతూనే ఉంటుంది.

అందుచేత బోర్డుకు కరెంటు ఇవ్వకముందే ఈప్రామ్‌లను తీసి, ప్రోగ్రామరు యంత్రంలో పెట్టి మూడుసార్లు చదివి, మూడూ ఒకటేనా అని పోల్చి, కంప్యూటరులో భద్రపరచాలి. మేము ఒకే రకం కిట్లవి మూడు చదివాం. రెండు అక్షరం తేడా లేకుండా కలిశాయి. మూడోదానిలో మూడు బైట్లు తేడా వచ్చాయి. ఆ మూడింటిలోనూ 0 ఉండవలసిన చోట 1 ఉన్నది. ఖాళీ ఈప్రామ్‌లో అన్నీ 1లే ఉంటాయి గనుక, రాత చెరగడం మొదలైందని అర్థమైంది. ఆ ఒక్క చిప్పే మిగిలి ఉంటే అసలు రాత ఏదో తేల్చడం ఎంత కష్టమయ్యేదో ఊహించండి.

మరమ్మతు క్రమం

ఒకటి: కండ్లతో చూడటం. మెమరీని నిలిపే చిన్న 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ కొన్ని బోర్డుల మీద ఉంటుంది. పాతదైతే అది కారి, పచ్చని చిలుము పట్టి రాగి దారులను తినేస్తుంది. అది క్షారం గనుక నిమ్మరసంతో తుడిచి, నీళ్ళతో కడిగి, స్పిరిటుతో ఆరబెట్టాలి. తెగిన దారికి సన్నని తీగె అతకాలి. ఐసీలను సాకెట్ల నుంచి మెల్లగా లేపి, నల్లబడిన పిన్నులు శుభ్రం చేయాలి.

రెండు: విద్యుత్తు. పవర్ సప్లయిని బోర్డుకు కలపకుండా, ఒక చిన్న లోడు పెట్టి కొలవాలి. 8085కు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఇది చూడకుండా స్విచ్చి వేస్తే ఒక్క క్షణంలో చిప్పులన్నీ పోవచ్చు.

మూడు: గుండె చప్పుడు. 37వ పిన్ను మీద క్లాకు వస్తున్నదా చూడాలి. 6.144 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉంటే అక్కడ దానిలో సగం, అంటే 3.072 వస్తుంది. 36వ పిన్ను రీసెట్టు. మీట వదిలాక అది పై వోల్టేజికి రావాలి.

నాలుగు: ఖాళీ పరుగు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష. 8085 భాషలో 00 అంటే 'ఏమీ చేయకు, ముందుకు పో' అని ఆజ్ఞ. మెమరీ చిప్పులన్నీ తీసేసి, 12 నుంచి 19 వరకు ఉన్న ఎనిమిది డేటా పిన్నులను ఒక్కొక్కటి 2.2 కిలో ఓమ్ రెసిస్టరుతో నేలకు కలపాలి. (డేటా దారిలో బఫరు చిప్పు లేని బోర్డుకు ఇది వర్తిస్తుంది.) ప్రాసెసరు ఎక్కడ చదివినా 00 కనిపిస్తుంది. అది 65,536 చిరునామాలనూ వరుసగా దాటి మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక్కో ఆజ్ఞకు 4 క్లాకులు. మొత్తం 2,62,144 క్లాకులు. సెకనుకు 30,72,000 క్లాకులు గనుక చివరి చిరునామా గీత, 28వ పిన్ను, సెకనుకు సుమారు 11.7 సార్లు కొట్టుకుంటుంది. దానికి ఒక ట్రాన్సిస్టరు ద్వారా ఎల్ఈడీ తగిలిస్తే అది మిణుకుమిణుకుమనడం కంటికే కనిపిస్తుంది. ఆసిలోస్కోపు అవసరం లేదు. దీపం మిణికితే ప్రాసెసరు, క్లాకు, రీసెట్టు మంచివే. జబ్బు మెమరీ వైపు ఉన్నదని తేలిపోతుంది.

ఐదు: మెమరీని ఒక్కొక్కటిగా తిరిగి పెట్టడం. చెరిగిన 2764 ఈప్రామ్‌కు బదులు, దాని 27వ పిన్ను 5 వోల్టులకు కలిసిన బోర్డులలో, 28సీ64బీ రకం ఈఈప్రామ్ పెట్టవచ్చు. భద్రపరచిన రాతను దానిలోకి ఎక్కిస్తే చాలు.

మారుప్రతి కట్టడం

బాగుచేయడం సగం చదువు. అలాంటిదే కట్టడం మిగతా సగం. పాత చిప్పులు దొరకనప్పుడు అభిరుచి గలవారు ఏం చేస్తారో కిమ్-1 మంచి ఉదాహరణ. దానిలోని 6530 చిప్పు ఇప్పుడు కరువు. అందుకని మారుప్రతుల్లో దానికి బదులు 6532 చిప్పునూ, ప్రోగ్రాముకు వేరే ఈప్రామ్‌నూ వాడుతున్నారు. రూపం మారినా నడక మారదు. ఈ పాత చిప్పులు ఎల్లకాలం దొరకవు. 1976 నుంచి వస్తున్న జడ్-80 చిప్పుకే 2024 జూన్‌తో జైలాగ్ కంపెనీ ఆర్డర్లు తీసుకోవడం ముగించింది.

8085తో కనీస కంప్యూటరుకు కావలసినవి ఇవి: ప్రాసెసరు, స్ఫటికం, చిరునామాను డేటా నుంచి విడదీసే 74ఎల్ఎస్373, చిప్పులను ఎంచే 74ఎల్ఎస్138, ప్రోగ్రాముకు 28సీ64బీ, ర్యామ్‌కు 6264. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల వెతికితే ఇలాంటివి దొరుకుతాయి. పై మూడు చిరునామా గీతలను 138కి ఇస్తే 64 కిలోబైట్ల చోటు ఎనిమిది మళ్ళుగా విడిపోతుంది, ఒక్కో మడి 8 కిలోబైట్లు. రీసెట్టు తరవాత 8085 మొదట 0000 చిరునామాకే పోతుంది గనుక మొదటి మడిలో ప్రోగ్రాము ఉండాలి. ఐదో మడి 8000 దగ్గర మొదలవుతుంది. అక్కడ ర్యామ్ పెట్టవచ్చు.

మొదటి ప్రోగ్రాముకు ర్యామ్ కూడా అక్కరలేదు. 4వ పిన్నుకు ట్రాన్సిస్టరుతో ఒక ఎల్ఈడీ కలపండి. దాన్ని వెలిగించి కొంత ఆగి, ఆర్పి కొంత ఆగే ప్రోగ్రాము 27 బైట్లలో పడుతుంది. ఆగడానికి నాలుగు ఆజ్ఞల చుట్టు చాలు: డీసీఎక్స్ డీ (6 క్లాకులు), మూవ్ ఏ,డీ (4), ఓరా ఈ (4), జేఎన్‌జడ్ (10). చుట్టుకు 24 క్లాకులు, 65,536 చుట్లు, అంటే 0.512 సెకను. కాగితం మీద ఈ లెక్క వేసి, ఆ తరవాత గడియారం చేత పట్టుకుని నిమిషానికి దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. సుమారు 58 లేదా 59 వస్తుంది. మన లెక్కను యంత్రం ఒప్పుకున్న ఆ సంతోషం పరీక్షలో మార్కులు వచ్చినా కలగదు.

కొన్ని ప్రశ్నలు

'ఫోనులోనే 8085 ఎమ్యులేటరు ఉన్నది కదా, ఈ దుమ్ము ఎందుకు?' అని ఒక మిత్రుడు అడిగాడు. ఎమ్యులేటరు మంచిదే, ఆజ్ఞలు నేర్చుకోవడానికి నేనూ వాడతాను. కాని దానిలో సాకెట్టు వదులు కాదు, బ్యాటరీ కారదు, వోల్టేజి పడిపోదు. అక్కడ తప్పు జరిగితే అది మన ప్రోగ్రాముదే. నిజమైన బోర్డులో తప్పు ఎక్కడ ఉన్నదో ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తూ వెతకాలి. ఆ వెతకడమే విజ్ఞానశాస్త్రం.

మా నాయిన ఇంకో తీరుగా అడిగాడు: 'గిది బాగైతే నీకు కొలువిస్తరా బిడ్డా?' పత్తి అమ్మిన పైసలతో నన్ను చదివిస్తున్న మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. కిట్టు కొలువియ్యదు. కాని చెడిపోయిన దాని ముందు భయపడకుండా కూర్చుని, కొలిచి, రాసుకుని, కారణం పట్టే అలవాటు ఇస్తుంది. ఆ అలవాటు ఉన్నవారికి ఏ ల్యాబులోనైనా, ఏ వర్క్‌షాపులోనైనా పని దొరుకుతుందని మా మేస్త్రిని చూస్తే నాకు నమ్మకం. ఆయన షెడ్డు ఏ సీజనులోనూ ఖాళీగా ఉండదు.

మనవి

లెక్చరర్లకూ, పూర్వ విద్యార్థులకూ, యూనియను మిత్రులకూ మూడు కోరికలు. పాత కిట్లను తూకానికి పంపేముందు ప్రతి రకంలో ఒకటైనా నడిచేలా చేసి ల్యాబులో ఉంచాలి. ప్రతి ఈప్రామ్‌లోని రాతను, బోర్డు సర్క్యూటు బొమ్మతో, మాన్యువలుతో సహా లైబ్రరీలో భద్రపరచాలి. ఏటా ఒక బ్యాచి ఒక మారుప్రతి కట్టి తరవాతి వారికి అప్పగించాలి. పూర్వ విద్యార్థుల ఇండ్లలో పాత మాన్యువళ్ళు ఉంటే దయచేసి పంపండి. జిరాక్సు తీసుకుని తిరిగి ఇస్తాం.

ఎంత కరువు వచ్చినా రైతు విత్తనం గింజలు తినడు. వేపాకు కలిపి, మూట కట్టి, అటక మీద పెడతాడు. మన కిట్ల లోపలి రాత అటువంటి విత్తనమే. మిగిలిన నాలుగు కిట్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం ల్యాబు తెరిచే ఉంటుంది. మల్టీమీటరు పట్టుకోవడం తెలిసినవారూ, తెలియనివారూ రండి.