టైమ్ తప్పిన కంప్యూటర్... సపోర్ట్ ఉద్యోగానికి తొలి పరీక్ష

డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి: ‘ఒక పాత కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తప్పు తేదీ చూపిస్తోంది, ఏం చేస్తారు?’ చాలామంది ఠక్కున ‘సీమాస్ బ్యాటరీ మారుస్తాను’ అంటారు. జవాబు తప్పు కాదు, అయినా తొందరపాటే. ‘ఎంత తప్పు చూపిస్తోంది? ఎప్పుడెప్పుడు తప్పుతోంది?’ అని ముందుగా అడిగే అభ్యర్థికి పని తెలుసని నా నమ్మకం. ఎందుకంటే టైమ్ ఎలా తప్పిందన్న దాంట్లోనే కారణం సగం తెలిసిపోతుంది.

రాత్రి స్విచ్ ఆపేసి పొద్దున ఆన్ చేస్తే తేదీ ఏళ్ల వెనక్కి పోయిందనుకోండి. స్క్రీన్ మీద ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ అనో, ఎఫ్1 నొక్కమనో వస్తోందనుకోండి. అప్పుడు బ్యాటరీనే అనుమానించాలి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా కనిపించే ఆ బ్యాటరీ సాధారణంగా సీఆర్2032 రకం, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు కూడా బోర్డు మీది గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, కంప్యూటర్ షట్‌డౌన్ అయి ఉన్నా, ఆ పని పవర్ సప్లై చూసుకుంటుంది. అందుకే రాత్రిపూట మెయిన్ ఆపేసే షాపుల్లో, సెలవులకు మూతపడే స్కూలు ల్యాబుల్లో ఈ బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

తేడా సరిగ్గా అయిదున్నర గంటలుంటే మాత్రం బ్యాటరీ జోలికి పోవద్దు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయేమో అడగండి. లైనక్స్ మామూలుగా బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయాన్ని (యూటీసీ) రాస్తుంది. విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. అలా పొద్దున 10 గంటలకు విండోస్ 4.30 చూపిస్తుంది. తేడా పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలైతే టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ దగ్గర ఉండిపోయి ఉంటుంది. విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు జరిగే పొరపాటిది. జోన్‌ను యూటీసీ ప్లస్ 5.30కి మారిస్తే చాలు, స్క్రూడ్రైవర్ బయటికి తీయనక్కర్లేదు. రోజులు గడిచేకొద్దీ కొన్ని నిమిషాలు వెనకబడుతుంటే నెట్ నుంచి టైమ్ తీసుకునే సర్వీసు ఆగిపోయిందేమో చూడాలి.

కస్టమర్ మాత్రం ‘టైమ్ తప్పింది’ అని ఫోన్ చేయడు. ‘నెట్ వస్తోంది గానీ బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు’ అంటాడు. వెబ్‌సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లకు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. కంప్యూటర్ 2009లో ఉన్నాననుకుంటే నేటి సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని తిప్పికొడుతుంది. పెద్ద ఆఫీసుల్లో ఇబ్బంది మరో రూపంలో వస్తుంది. విండోస్ డొమైన్‌లో సర్వర్‌కూ సిస్టమ్‌కూ 5 నిమిషాలకు మించి తేడా వస్తే లాగిన్‌కే ఆటంకం రావచ్చు. పాస్‌వర్డ్ మార్చి మార్చి విసిగిపోయే ముందు టాస్క్‌బార్‌లో కుడి మూల ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

ఇక బ్యాటరీ మార్చే పని. చేయి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ కంగారు పడకూడదు. ముందు బయోస్‌లోకి వెళ్లి (చాలా సిస్టముల్లో డిలీట్ లేదా ఎఫ్2 కీ) బూట్ ఆర్డర్, హార్డ్‌డిస్క్ మోడ్ ఉన్న పేజీలకు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. బ్యాటరీ తీయగానే ఆ సెట్టింగులు పోవచ్చు. డిస్క్ మోడ్ మారితే విండోస్ అసలు లేవకపోవచ్చు. తేదీ బాగుచేయడానికి వెళ్లి సిస్టమ్‌నే పడుకోబెట్టారన్న మాట రాకుండా కాపాడేది ఆ ఫొటోలే. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోమని కస్టమర్‌కి ముందే చెప్పండి. తర్వాత షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకి చేతిలో ఉన్న స్టాటిక్ పోగొట్టుకోండి. పక్కనున్న క్లిప్పును మెల్లగా నెడితే బ్యాటరీ పైకి లేస్తుంది. మల్టీమీటర్ ఉంటే కొలవండి. 3 వోల్టులకు బాగా దిగువన ఉంటే మార్చాల్సిందే. మామూలు హోల్డర్‌లో ప్లస్ గుర్తు పైకి ఉండాలి. చాలా ల్యాప్‌టాపుల్లో దీనికి వైరు, చిన్న కనెక్టర్ ఉంటాయి కాబట్టి మోడల్ చూసుకునే కొనాలి.

కొత్త బ్యాటరీ వేశాక బయోస్‌లో తేదీ, టైమ్ చేత్తోనే పెట్టండి, విండోస్‌కి వదిలేయకండి. డొమైన్‌లో లేని విండోస్, మామూలు సెట్టింగులతో, తేడా 15 గంటలు దాటితే నెట్ టైమ్‌ను తీసుకోదు. ‘ఆటోమేటిక్ ఆన్‌లోనే ఉంది సార్, అయినా మారట్లేదు’ అనే ఫిర్యాదుకు ఇదొక కారణం.

తేదీ సరిగ్గా ఉన్నా సైట్లు తెరుచుకోని పాత సిస్టములూ ఉంటాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వెబ్‌సైట్లకు ఇచ్చే సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసింది. అప్‌డేట్లు లేని ఎన్నో పరికరాలు ఆ రోజు ఇబ్బంది పడ్డాయి. అలాంటప్పుడు తేదీని వెనక్కి తిప్పి పని జరిపించాలని చూడొద్దు. అప్‌డేట్ చేయించడమే దారి.

ఈ రంగంలోకి రావడానికి ఇంజినీరింగ్ డిగ్రీయే ఉండాలని లేదు. ఐటీఐలో రెండేళ్ల ఐసీటీఎస్ఎం ట్రేడ్ నేరుగా సిస్టమ్ మెయింటెనెన్స్‌కి సంబంధించినది. ఏడాది కోపా ట్రేడ్ కంప్యూటర్ ఆపరేటర్ వైపు ఎక్కువ మొగ్గుతుంది. కంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్‌కి రెండు పరీక్షలు రాయాలి, ఫీజు భారమే. చేతిలో పని లేకుండా ముందే దానికి డబ్బు పోయమని నేను చెప్పను. ఆ డబ్బులో కొంతతో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఒక పాత డెస్క్‌టాప్, ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. బ్యాటరీ తీసి ఏయే సెట్టింగులు పోయాయో చూడండి. తేదీని కావాలనే మార్చి, బ్రౌజర్ ఏమంటుందో రాసుకోండి. ఫిర్యాదు, పరీక్షించిన తీరు, దొరికిన కారణం, చేసిన పని... ఈ నాలుగూ తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో ఉంటే ఇంటర్వ్యూకి దాన్నే తీసుకెళ్లి బల్ల మీద పెట్టవచ్చు.